తాటిచెట్టు మీద ఆగిన కథ

మేం తీసిన ఆ చిన్న సినిమాలో ఒక ముసలాయన తాటిచెట్టు ఎక్కుతాడు. కాళ్లతో కాదు, నోటితో. వెనక రంగుల పటం వేలాడుతూ ఉంటుంది. సన్నటి కర్రతో పటం మీది బొమ్మలను ఒక్కొక్కటీ చూపిస్తూ, లోకంలో మొట్టమొదట తాటిచెట్టెక్కిన మనిషి కథ చెబుతాడు. మోకు బిగుస్తుంది, కాలు లేస్తుంది, కింద తల్లి తలెత్తి చూస్తుంది. సగం చెట్టు దాకా వెళ్లాక తెర తెల్లబడుతుంది. అక్కడితో మా దగ్గరున్న ఫిల్ము అయిపోయింది.

జనగామ నుంచి చేర్యాల పోయే తోవలో, ఊరి చివర, ఆటపాటల మీద బతికే వాళ్ల వాడ ఒకటి ఉండేది. కొన్ని ఇళ్లు యక్షగానం ఆడేవాళ్లవి, కొన్ని ఇళ్లు పటం కథలు చెప్పేవాళ్లవి. పటం కథలవాళ్లలో ప్రతి ఇంటికీ ఒక కథ, ఆ కథను వినే ఒక కులం, కొన్ని ఊళ్లు ఉంటాయి. ఆ ఊళ్లకు వెళ్లి కథ చెప్పే హక్కును మిరాసి అంటారు. ఒకరి మిరాసిలో మరొకరు అడుగు పెట్టరు. మా ముసలాయన ఇంటివాళ్లది కల్లుగీసేవాళ్ల కథ. చిల్పూర్ చుట్టుపక్కల ఊళ్లు వాళ్లవి. పంటలయ్యాక వెళ్లి, వరుసగా కొన్ని రోజులు చెప్పి, గింజలు తీసుకుని వచ్చేవాళ్లు. ఆయనకు కొడుకులు లేరు. ఒక్కతే కూతురు. పెళ్లయి, మొగుడు వదిలేస్తే తండ్రి దగ్గరికే తిరిగి వచ్చింది. తండ్రి కథ చెబుతుంటే పటం వెనక నిలబడి వంత పాడేది. కర్ర పట్టుకుని పటం ముందుకు రావడం మాత్రం ఆడవాళ్లకు లేదు.

నేను దేవుణ్ణి నమ్మను. అప్పుడూ నమ్మలేదు, ఇప్పుడూ నమ్మను. అరవై తొమ్మిదిలో మా చదువు ఆగిపోయిన ఏడాది, ప్రత్యేక తెలంగాణ ఊరేగింపుల్లో నినాదాలిస్తూ వాదించడం నేర్చుకున్నాను. ఆ తరువాత హనుమకొండలో వితంతు వివాహాల మీద, శకునాల మీద, బాబాల మీద ఎన్ని సభల్లో గొంతు చించుకున్నానో లెక్కలేదు. చిల్పూర్ వైపు భూములున్న మా బాపు, తన బిడ్డ గుట్టమీది దేవుడికి ఎదురు మాట్లాడుతుందని తెలిసి, ఏడాది పాటు నాతో మాట్లాడలేదు. ఎనభైలు మొదలయ్యేసరికి జనగామలో పంతులమ్మను.

కెమెరా పట్టిన మిత్రుడు ఆ ఊరేగింపుల్లో పరిచయమైనవాడే. అప్పుడు లాఠీ దెబ్బకు విరిగిన మోచేయి తిన్నగా అతుక్కోలేదు. కెమెరా ఎత్తితే కుడి భుజం చెవి దాకా లేచేది. పట్నంలో ఫిల్ము పని నేర్చుకుని, పాత కెమెరా ఒకటి సంపాదించి తిరిగొచ్చాడు. మా ఇద్దరి కోపం ఒకటే. సినిమాల్లో మా మాట దొంగ నోట, తాగుబోతు నోట, తన్నులు తినేవాడి నోట తప్ప వినిపించేది కాదు. కథానాయకుడు వచ్చాం, వెళ్లాం అనేవాడు. వచ్చినం, పోయినం అన్నవాణ్ణి చూసి హాలంతా నవ్వేది. నవ్వేది మేమే, మా డబ్బులతో టికెట్టు కొనుక్కుని.

అందుకే చిన్న సినిమాల పండగ చేద్దామన్నాడు మిత్రుడు. నేను జనగామలో, బడి హాల్లో చేద్దామన్నాను.

"పట్నపోళ్లకు చూపిస్తె చప్పట్లు కొడతరు. ఆ వాడల చూపిస్తె తిడతరు. నాకు తిట్లు గావాలె," అన్నాడు.

ఆ పండగ కోసమే ముసలాయన సినిమా తీశాం. తీసినది నెగెటివు లేని రకం ఫిల్ము. కెమెరాలో తిరిగిన రీలే కడిగాక తెర మీదా తిరుగుతుంది. దానికి నకలు ఉండదు, ఇంకొకటి తీయించే స్తోమత మాకు లేదు. ఫిల్ము అయిపోయి మిత్రుడు కెమెరా దించినప్పుడు ముసలాయన ఆగలేదు. కెమెరా లేకపోయినా సాయంత్రం దాకా చెప్పుకుంటూ పోయి, మంగళం పాడిగానీ పటం చుట్టలేదు.

"తెరిసిన కథను నడుమ ముయ్యద్దు బిడ్డా. ముయ్యకుంట లేవద్దు," అన్నాడు నాతో.

"మూస్తే ఏమవుతుంది?" అన్నాను, వాదనకు దిగుతూ.

"ఏమైతదో ఎవలికెరుక? మా ఇంట్ల ఎవ్వలు ముయ్యలే."

పండగ రోజు రెండు వెదురు గుంజలకు తెల్ల పంచె కట్టాం. పంచాయతీ ఆఫీసు నుంచి కరెంటు తీగ లాగాం. చిల్పూర్ వైపు నుంచి కల్లుగీసేవాళ్ల పెద్దమనుషులు కొందరు వచ్చారు. ముసలాయనే కబురు పంపి పిలిపించుకున్నాడు. ఆయన మనసులో ఉన్నది వాడంతటికీ తెలుసు. తన తరువాత కర్ర కూతురి చేతికి రావాలి. వాళ్లు ఒప్పుకుంటే వస్తుంది, లేకపోతే కథ ఆయనతో పోతుంది.

ముసలాయన కొబ్బరికాయతో పంచె ముందుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను.

"ఇది పటం కాదు, బట్ట. దీనికి కాయ ఎందుకు?"

"మీ బడిల గంట కొట్టరా బిడ్డా? గిదీ గట్లనే. మొదలైందని చెప్పుడు."

"గంటకు మేం దండం పెట్టం."

"గందుకే గంట కొట్టంగనే మీ పిల్లలు బైటికి ఉరుకుతరు," అన్నాడు. అందరూ నవ్వారు. నేను పక్కకు జరిగాను. తరువాత కొబ్బరి ముక్క పెడితే తిన్నాను కూడా. తినడానికి నమ్మకం అక్కర్లేదని మిత్రుడితో వాదించాను.

మొదట నారికురుపు మీద ఒక సినిమా వేశాం. మనిషి కాలిలోంచి పురుగును పుల్లకు చుట్టి లాగుతుంటే ఆడవాళ్లు కెవ్వున అరిచారు. తరువాత మగ్గం మీద ఒకటి, మాటల్లేని బొమ్మల సినిమా ఒకటి. చివరికి మాది.

పంచె మీద ముసలాయన కనబడగానే వాడ వాడంతా ఈలలు వేసింది. ఆయన నోరు తెరిచి, "ఇనుండ్రయ్యా పెద్దలారా, ఎన్కట ఒక తల్లి ఉండె" అన్నాడు. అంతే, నవ్వు. ఒకరు మొదలుపెడితే అందరూ నవ్వారు. పిల్లలు, ఆడవాళ్లు, యక్షగానంవాళ్లు, వచ్చిన పెద్దమనుషులు. ఆయన కథ వింటూ పెరిగినవాళ్లు, ఆ మాటలనే రోజూ ఇంట్లో మాట్లాడుకునేవాళ్లు. తెర మీద ఆ మాట వినబడితే నవ్వాలని వాళ్లకు జనగామ టాకీసులో ఏళ్లుగా నేర్పించారు. తెర మీద తల్లి కొడుకును చెట్టెక్కవద్దని బతిమాలుతోంది, ముసలాయన గొంతు వణుకుతోంది, నవ్వు ఆగడం లేదు.

ముసలాయన ముందు వరసలో నేల మీద కూర్చుని ఉన్నాడు. పంచె మీది నుంచి చూపు తిప్పలేదు. పక్కనున్న నాతో మెల్లగా అన్నాడు: "నా కథకు గిప్పటిదాంక ఏడిసిండ్రు గని ఎవ్వలు నవ్వలే బిడ్డా."

చెట్టెక్కే చోటు వచ్చింది. అక్కడ ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగుతాడు. పటం వెనక నుంచి కూతురు గొంతు అందుకుంటుంది. మనిషి కనబడదు, గొంతు మాత్రమే. తల్లి మాటలు అవి. "కాలు జారితె నేలున్నది కొడుకా, నేల జారితె నేనున్న." నవ్వు ఆగింది. ఒక పిల్లవాడు ఇంకా నవ్వుతుంటే వాడి తల్లి నెత్తిన మొట్టింది. ముసలాయన, కూతురు మార్చి మార్చి పాడుతూ సగం చెట్టు దాకా వెళ్లారు. పంచె తెల్లబడింది.

"అయిపాయెనా? పైకి పోనేలేదు గద!" అని ఎవరో అరిచారు.

పెద్దమనుషుల్లో ఒకాయన అడిగాడు. "ఎవలది ఆ ఆడగొంతు?"

"నా బిడ్డదే. కథంత దాని కడుపుల ఉన్నది. నేను మర్సిపోయిన కాడ అదే అందిస్తది," అన్నాడు ముసలాయన. లేచి నిలబడి చేతులు జోడించాడు. "నా ఎనుక కర్ర దానికియ్యుండ్రి. మిమ్ములనింకేం అడుగ."

"కడుపుల ఉంటె ఉండనియ్యి. కర్ర చేతికెందుకు? రేపు మీసాలు గుడ అడుగుతది," అన్నాడు ఇంకొకాయన. మళ్లీ నవ్వులు. నేను లేచి మాట్లాడబోతే మిత్రుడు నా చెంగు పట్టి కూర్చోబెట్టాడు.

మొదటి పెద్దమనిషి మాత్రం నవ్వలేదు. "ఈ ఎండకాలం మా ఊళ్లె కథ పెట్టు. నీ బిడ్డను ఎంబడి తెచ్చుకో. మంగళం పాడినంక కూసోని మాట్లాడుదం," అన్నాడు.

వాళ్లు వెళ్లాక ముసలాయన మిత్రుడి వీపు మీద చరిచాడు. "ఏం పిలగా, నన్ను తీస్కపోయి సగం చెట్టు మీద ఇడిసిపెడితివి?"

"ఎండకాలంల ఫిల్ము కొంట బాపూ. కొనంగనే నిన్ను కిందికి దించుత."

"జల్ది దించు. కాళ్లు గుంజుతున్నయి."

కూతురు గడపలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ నవ్వులో నేను ఆశ చూశాను.

తిట్లు కోరుకున్న మిత్రుడికి నవ్వు దొరికింది. ఆ నవ్వు ఆయనను కొన్నాళ్లు నిద్ర పోనివ్వలేదు. ఇంకో చోట ఎట్లా ఉంటుందో చూద్దామని ప్రొజెక్టరు పెట్టె బస్సు మీద వేసుకుని మానుకోట వెళ్లాం. అప్పుడు అదంతా ఒకే జిల్లా. మానుకోటలోనూ నవ్వారు. అక్కడి నుంచి కొత్తగూడ వెళ్లాం. అడవి పక్క పల్లె. పోడు చేసుకునేవాళ్లు, ఇప్పపువ్వు ఏరుకునేవాళ్లు వచ్చి కూర్చున్నారు. ముసలాయన నోరు తెరిచాడు. ఒక్కరూ నవ్వలేదు. చెట్టు సగంలో తెర తెల్లబడితే ఒక అవ్వ లేచి వచ్చి, పంచె వెనక్కి వెళ్లి చూసింది. మనిషి దిగి అటు పోయాడేమోనని. నవ్వడం నేర్పే సినిమాలు ఆ పల్లెకు ఇంకా చేరలేదు, అంతే. ఆ మాట నేను తరువాత రాసిన ఒక వ్యాసంలో పెడితే పత్రికవాళ్లు కొట్టేశారు.

ఎండలు ముదిరాక చిట్యాల వెళ్లాం. బడి గదిలో కిటికీలకు గొంగళ్లు కట్టి, పట్టపగలే చీకటి చేసి వేశాం. ముసలాయన తెర మీద మోకు బిగిస్తున్నాడు. తలుపు తోసుకుని ఒక మనిషి లోపలికొచ్చాడు. వెనక నుంచి ఎండ పడి తెర మీది బొమ్మ పాలిపోయింది. వచ్చినవాడు జనగామ నుంచి వచ్చిన మా మనిషే. ముసలాయన పోయాడన్నాడు. చిల్పూర్ పక్క ఊరిలో కథ చెబుతూ చెబుతూ పటం ముందు కూలబడ్డాడు. ఎడ్లబండిలో జనగామ దవాఖానకు తెచ్చేసరికి ఊపిరి లేదు. చెబుతున్నంతసేపూ తెర మీద ముసలాయన గొంతు నడుస్తూనే ఉంది. ప్రొజెక్టరు ఆపాలన్న సంగతి మా ఇద్దరికీ తోచలేదు. రీలు దానంతటదే అయిపోయి, తోక టపటపా కొట్టుకుంది.

మేం వెళ్లేసరికి దహనం అయిపోయింది. అసలు చిక్కు తరువాత మొదలైంది. కథ ఆ ఊళ్లో తెరిచి ఉంది. చెట్టెక్కినవాడు దిగాడు, పెళ్లాడాడు, కొడుకు పుట్టాడు. అక్కడ ముసలాయన కూలబడ్డాడు. మంగళం పాడలేదు. తెరిచిన కథ ఊరి మీద ఉండకూడదని కల్లుగీసేవాళ్లు పరేషాన్ అయ్యారు. ముసలాయన పాలివాళ్లలో ఒకడికి కర్ర ఇవ్వబోతే, వాడికి మొదటి రెండు బొమ్మలు దాటి రాదు. కథ మొత్తం వచ్చిన మనిషి ఒక్కతే.

ఆ ఇళ్లలో ఇంకో ఆచారం ఉంది. పటం పాతబడి చినిగితే, లేదా దాన్ని చెప్పే ఇల్లు లేకుండా పోతే, పారేయరు. చచ్చిన మనిషికి చేసినట్టే అన్నీ చేసి, వాగు నీళ్లలో కలుపుతారు. ముసలాయనకు కొడుకు లేడు కాబట్టి పటం నీళ్లకు పోవాలన్నారు. మంగళం పాడని పటం నీళ్లకు పోకూడదు కాబట్టి బిడ్డ ఆ మిగిలింది చెప్పాలన్నారు.

నేను పెద్దమనుషుల ముందుకు వెళ్లి అడిగాను. "ఇప్పుడు కర్ర ఇస్తున్నారు గదా. ఎప్పటికీ ఇయ్యుండ్రి. పటం ఎందుకు ముంచుడు?"

"చెల్లే, ఇది ముగించేటందుకే. ముగింపు ఎవలైనా చెయ్యొచ్చు," అన్నాడు ఆ రోజు నవ్వని పెద్దమనిషి. "ముసలాయన మంగళం పాడి అడిగి ఉంటె ఏమంటుంటిమో. పాడకపాయె."

వాగులో నీళ్లు లేవు. ఎండాకాలం కదా, ఇసుక తప్ప ఏమీ లేదు. మగవాళ్లు ఇసుకలో చెలిమె తవ్వారు. అడుగున నీళ్లు ఊరాయి. పక్కనే కర్రలు పాతి పటం వేలాడదీశారు. మిత్రుడు మాటిచ్చినట్టే ఫిల్ము కొనుక్కొచ్చాడు. కెమెరా ఎత్తాడు, భుజం లేచింది.

"అన్నా, పెట్టె ముయ్యి," అన్నది కూతురు.

"మీ నాయినకు మాటిచ్చిన చెల్లె. కిందికి దించుతనన్న."

"నేను దించుత. నువ్వు ఊకో."

ఆయన కెమెరా దించాడు. ఆమె మొదటిసారి పటం ముందుకు వచ్చింది. కర్ర చేత్తో పట్టుకుంది. చిత్రంగా, తండ్రి ఆగిన చోట మొదలుపెట్టలేదు. మా సినిమా ఆగిన చోట మొదలుపెట్టింది. సగం చెట్టు మీద నుంచి. పైకి ఎక్కించింది, మొదటి కల్లు చుక్క రాల్చింది, కిందికి దించింది. "దిగేటప్పుడు నేలను చూడకు కొడుకా, చెట్టును చూడు" అని తల్లి చేత చెప్పించింది. గీతవాళ్లు నడుముకు కట్టుకున్న ముస్తాదులు విప్పి పక్కన పెట్టి, తలకు చుట్టిన గుడ్డలతో కళ్లు తుడుచుకుంటున్నారు. ఇసుక కాళ్లు కాల్చేస్తోంది. ఎవరూ లేవలేదు. పెళ్లి, కొడుకు, కరువు, వలస, చావు, అన్నీ చెప్పి, పొద్దు వాలేవేళకు మంగళం పాడింది. అంత గొప్పగా కథ చెప్పగా నేను అంతకు ముందు వినలేదు, తరువాతా వినలేదు.

కర్రను లోపల పెట్టి పటం చుట్టారు. పసుపు రాశారు. అప్పుడు ఆమె మిత్రుడి వైపు తిరిగి, "అన్నా, నాయిన రీలు ఇయ్యి," అన్నది.

దాన్నీ పటంతో పాటు ముంచడానికని మాకు అర్థం కావడానికి కొంత సమయం పట్టింది. అర్థమయ్యాక నేను ఆమె చేయి పట్టుకుని పక్కకు లాగాను.

"నీ గొంతు దాంట్లనే ఉన్నది. ఇంకెక్కడా లేదు. రేపు కర్ర నీకే ఇయ్యాలని నేను కొట్లాడాలంటే అదే సాక్ష్యం. అది పోతే నీ దగ్గర ఏముంది?"

"నా గొంతు నా దగ్గరున్నది గద అక్కా."

"మీ నాయిన ఇంక అందులోనే ఉన్నాడు."

"గదే అంటున్న. మీరు యాడికి తీస్కపోతె ఆడ ఎక్కాలె. రోజు ఎక్కుడేనా? దిగద్దా? పానముండంగ నవ్విండు, కాళ్లు గుంజుతున్నయన్నడు. ఇప్పుడు ఎవలితోని చెప్పుకుంటడు?"

"అందులో మీ నాయిన లేడు. అది వెలుతురు. మందు పూసిన ప్లాస్టిక్కు మీద పడ్డ వెలుతురు, అంతే," అన్నాను. ఒక్క క్షణం ముందే ఆయన అందులో ఉన్నాడన్నది నేనే.

"తెలుసక్కా," అన్నది నిదానంగా. "పటం గుడ బట్టనే."

నేను మిత్రుడి వైపు చూశాను, ఇవ్వొద్దని. ఆయన సంచిలోంచి రేకు డబ్బా తీసి ఆమె చేతిలో పెట్టాడు. "అది ఆమెకు నాయిన. నాకు ఒట్టి ఫిల్ము," అన్నాడు నాతో. ఆమె డబ్బా మూత తీసి, రీలు బయటికి తీసి, పటం మీద పెట్టి రెండింటినీ చెలిమెలోకి దించింది. మగవాళ్లు ఇసుక కప్పారు.

తిరిగి వస్తూ దారిలో మిత్రుడిని అడిగాను, మళ్లీ వెళ్లి తవ్వి తీద్దామా అని. "నీళ్లు తాకింది. బొమ్మ కరిగి ఊడి ఉంటది," అన్నాడు. కొత్తగా కొన్న ఫిల్మును ఆయన ఏనాడూ వాడలేదు. డబ్బాలోనే చెడిపోయింది.

ఆ రోజు ఆమె చేసింది తప్పని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను. ఒక మనిషి గొంతును, తన సొంత గొంతును, ఆచారం పేరుతో ఇసుకలో పూడ్చుకుంది. కానీ ఆమె మీద నాకు కోపం రాదు. కోపం ఎవరి మీదంటే, ఆ ఇసుకలో కూర్చుని కన్నీళ్లు తుడుచుకుని, ఇంటికి వెళ్లి ఆమెను మళ్లీ పిలవని వాళ్ల మీద. నేను రెండుసార్లు ఆ ఊరికి వెళ్లి వాదించాను. పటం లేదు, కర్ర లేదు, ఇంకేం కథ అన్నారు. పటం ముంచమన్నది వాళ్లే. కథను ముగించడానికి ఆడదాని గొంతు పనికొచ్చింది. మొదలుపెట్టడానికి పనికిరాలేదు.

ఆమె జనగామ వచ్చి రైసు మిల్లులో పనికి కుదిరింది. చేటతో బియ్యం చెరిగేది. మేం ఇంకొన్నేళ్లు చిన్న సినిమాల పండగ చేశాం, బడి హాల్లోనే. ఆమె ఒక్కసారీ రాలేదు. ఒకనాడు మిల్లు ముందు కనబడితే ఆపాను. తల నిండా తవుడు పొడి, కనుబొమ్మల మీద కూడా. మా ఇంటికి వచ్చి కథ చెబితే రాసుకుంటానన్నాను. అంతా కాకపోతే ఒక ముక్కైనా, ఆ తల్లి పాట ఒక్కటైనా.

"ముక్క చెప్పద్దక్కా. తెరిస్తె ముయ్యాలె."

"సరే, మొత్తం చెప్పు. ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

లోపల నుంచి మేస్త్రి ఆమెను పిలిచాడు. కొంగుతో మొహం తుడుచుకుంటూ నవ్వింది, గడపలో నవ్విన నవ్వులాగా కాదు.

"గన్ని రోజులు నాకెవలిస్తరక్కా?" అని లోపలికి వెళ్లిపోయింది.